పట్టపగటి పెళ్లికూతురు

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం, పట్టుచీరలకు కాస్త గాలి తగలనిద్దామని బీరువాలోంచి ఒక్కొక్కటే తీసి మంచం మీద పరుస్తుంటే, అట్టడుగున ఉన్న మిరపపండు రంగు చీర మడతల్లోంచి ఎండిన మొగలిరేకుల వాసన గుప్పున లేచింది. కలరా ఉండల ఘాటును కూడా పక్కకు నెట్టేసే ఆ వాసన తగిలిందంటే నాకు గాజువాకలోని ఈ మూడో అంతస్తు ఇల్లు కనబడదు. కూర్మన్నపాలెంలో మేము అద్దెకుండిన పెంకుటిల్లు, దాని ముందు సిమెంటు అరుగు, అరుగు మీద ఆరబోసిన చింతపండు, ఆ పక్క దండెం మీద ఎగిరే అమ్మ తెల్ల యూనిఫారం చీరలు కనబడతాయి. మిరపపండు రంగుది మా అమ్మ పెళ్లిచీర. ఆ పెళ్లి నేను కళ్లారా చూశాను. పదేళ్ల పిల్లనై, పెళ్లికూతురి పక్కన నడిచి మరీ చూశాను.

అమ్మ పేరు అప్పలనరసమ్మ. ఆసుపత్రిలో నర్సు. నాకు ఊహ తెలియకముందే నాన్న పచ్చకామెర్లతో పోయాడు. ఇంట్లో అమ్మ, నేను, అమ్మమ్మ. మా వీధికి ఉక్కు ఫ్యాక్టరీ షిఫ్టు బస్సులే గడియారాలు: పొద్దుటి బస్సు వెళ్లిందంటే పాలవాడు వచ్చినట్టు, మధ్యాహ్నపు బస్సు ఆగిందంటే ఎండ చల్లారేలోగా తొక్కుడుబిళ్లకు గీతలు గీసుకోవాలన్నట్టు, సాయంత్రపు బస్సు దిగిన మగవాళ్లు ఖాళీ క్యారేజీలు ఊపుకుంటూ నడిచిపోతే ఇక పొయ్యిలు వెలిగినట్టు. చీకటి పడితే ఉక్కు కరిగించే వైపు ఆకాశం దోరగా వేగిన బూరెలా ఎర్రబడేది. వేసవిలో జీడిమామిడి పళ్లు తిని గొంతులు గరగరలాడించుకునేవాళ్లం. వానలకు సింహాచలం కొండ నుంచి అనాసపళ్లు బుట్టల్లో దిగేవి. అమ్మోరి పండక్కి అమ్మమ్మ బూరెలు వండి, వేడివేడి బూరె నడుమ వేలితో గుంట చేసి నెయ్యి పోసి చేతిలో పెట్టేది. వంట లేని వేళల్లో ఆవిడ అరుగు మీద గొంతుక్కూర్చుని, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తూ, ఎవరేం మాట్లాడినా పట్టనట్టు చింతపిక్కలు తీస్తూ ఉండేది.

ఆ రోజుల్లో అమ్మ ఒంటి మీద రంగు చూసిన గుర్తు నాకు లేదు. డ్యూటీకి తెల్లచీర, ఇంట్లో వెలిసిపోయిన వాయిలు చీర, చేతికి వాచీ. నాన్న చేయించిన గొలుసూ బుట్టకమ్మలూ ట్రంకుపెట్టెలో గుడ్డమూటలో ఉండేవి. పండక్కి మారాం చేస్తే తీసి నాకు పెట్టి, అద్దంలో చూపించి, మళ్లీ మూట కట్టేసేది; తన మెడకు ఒక్కసారైనా ఆనించుకోలేదు. ఎవరి పెళ్లికైనా వెళ్తే తలంబ్రాల వేళకు పందిరి చివర, వంటల దగ్గర నిలబడేది. అక్కడ నిలబడమని ఎవరూ చెప్పేవారు కారు. ముందుకు రమ్మనీ అనేవారు కారు.

పరవాడ దారిలో ఒక వర్క్‌షాపులో లేతు మిషను మీద పనిచేసే సత్యం అనే ఆయన, చెయ్యి తెగి కుట్లు వేయించుకోవడానికి వచ్చి ఆసుపత్రిలో అమ్మను చూశాడట. ఆయన భార్య కూడా పోయింది, పిల్లలు లేరు. ఒక ఆదివారం ఇస్త్రీ చొక్కా వేసుకుని మా అరుగు మీదికి వచ్చి, అమ్మమ్మ ఎదుటే అమ్మను అడిగాడు. అమ్మ కొన్నాళ్లు ఆలోచించుకుని, నన్ను ముందు కూర్చోబెట్టుకుని జడ విప్పి దువ్వుతూ మొదట నాకు చెప్పింది. ఆ తర్వాతే ఆయనకు చెప్పింది. నాకు సంతోషం కంటే భయమే ఎక్కువ. “మీ యమ్మ నిన్నొగ్గేసి ఎలిపోతాది” అని వీధిలో పెద్దవాళ్లే నవ్వుతూ అనేవారు. ఆ నవ్వులో హాస్యమెంతో, నిజమెంతో తేల్చుకోలేక రాత్రుళ్లు అమ్మ కొంగు వేలికి చుట్టుకుని పడుకునేదాన్ని.

మా వాళ్లలో మారుమనువు తప్పు కాదు. మొగుడు పోయిన ఆడమనిషి ఇంకొకరిని కట్టుకోవడం ఎప్పటినుంచో ఉన్నదే. కాకపోతే దాన్ని పెళ్లిలా చేయరు. ఆ పద్ధతేమిటో చెప్పడానికి, రెండు వీధుల అవతల ఉండే పెద్దమ్మ, అంటే అమ్మకు అక్క, ఒక సాయంత్రం వచ్చి కూర్చుంది.

“మసకేల దాటినాక మా ఇంటికాడే దండలు మార్సుకోండి. ఏదైనా నేతసీర కట్టుకో, మెడలో ఆ పాత గొలుసు ఏసుకో, సాలు. మేలం గీలం ఒద్దు. గుంటని ఆ పూట ఎవులింటికాడైనా ఒగ్గెయ్. తల్లి పెళ్లి పిల్ల సూడకూడదు” అంది.

అమ్మ చేటలో బియ్యం చెరుగుతోంది. చెరగడం ఆపలేదు. “ఆయనకీ రెండోదే కదప్పా. ఆలింట్లో ఆయనకి పట్టుపంచె కొంతన్నారు. ఆయన్ని మసకేల రమ్మని ఎవులూ అన్నేదేటి?”

“ఆయన మొగోడే!”

“నాను పెళ్లికూతుర్నే. పట్టపగలు సేసుకుంతాను. పట్టుసీర కట్టుకుంతాను, దానికి తగ్గ సొమ్ములెట్టుకుంతాను. నా పిల్ల నా పక్కనే నడుత్తాది.”

“కొత్త సొమ్ములెందుకే, పాతియి ఉన్నాయి కదా?”

“అయ్యి దాని నాన్న దానికి మిగిల్సినియి. ఈ పెళ్లికి ఈ పెళ్లియే.”

పెద్దమ్మ ఆపకుండా మాట్లాడింది. నలుగురూ నవ్వుతారంది, పేరంటాలకు పిలవరంది, పిల్లకు సంబంధాలు రావంది. అప్పుడు అమ్మమ్మ నోట్లోంచి చుట్ట తీసింది. నాకు తెలిసి ఆవిడ ఒకరి మాటకు అడ్డురావడం అదే మొదలు.

“మీ అయ్య నన్ను మసకేలే తెచ్చినాడు” అంది నెమ్మదిగా. “దొడ్డిదారిన తెచ్చినాడు. పాతకోకతోని. మరి నానేటి తప్పు సేసినాను?”

తాతయ్య అమ్మమ్మకు రెండో మొగుడని ఆమె కడుపున పుట్టిన ఆ ఇద్దరు కూతుళ్లకూ అప్పటిదాకా తెలియదు. అమ్మమ్మ చుట్ట మళ్లీ నోట్లో పెట్టుకుని పిక్కలు తీసుకోసాగింది. పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది గానీ, మనసు మార్చుకోలేదు. “అమ్మకి ఎలా జరిగిందో నీకూ అలాగే జరగాల” అని లేచి వెళ్లిపోయింది.

చీర ముందే కొనేసింది అమ్మ. మిరపపండు రంగు, మామిడాకు పచ్చ అంచు, సన్నని జరీ. అంచుకు సరిపడా పచ్చ గుడ్డ తెచ్చి తనకు రవిక, అదే గుడ్డలో నాకు పరికిణీ కుట్టించింది. నన్ను వదిలి వెళ్లదన్న నమ్మకం నాకు ఆ పరికిణీ కొలతలు ఇస్తున్నప్పుడు కలిగింది. ఆ చీరనూ రవికనూ పాత పేపర్లో చుట్టి సంచిలో పెట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని పట్నంలో బంగారం కొట్లుండే కురుపాం మార్కెట్‌కు బయలుదేరితే, కనీసం తేలికపాటివి కొనిపిద్దామని పెద్దమ్మ కూడా బస్సెక్కింది. పాతూరులో దిగేసరికి రేవు వైపునుంచి చేపల వాసన, ఖనిజం దుమ్ము, ఎక్కడో ఓడ కూత. బంగారం కొట్లున్న సన్నని సందులోకి తిరిగితే మాత్రం అగరొత్తుల వాసన. చెప్పులు బయట విడిచి, తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చున్నాం.

“పెళ్లికేనామ్మా?” అంటూ కొట్టాయన ఎర్ర వెల్వెట్ పెట్టెలు దింపి ఒకటి తెరిచాడు. పెద్దమ్మ గొంతు తగ్గించి, “పెళ్లి కాదు బాబూ, మారుమనువు” అంది. ఆయన చేతులు ఆగాయి. తెరిచిన పెట్టె మూతపడబోయింది. దాని బదులు సన్నగొలుసుల పళ్లెం ఒకటి మా ముందుకు జరిగింది. “అలాగైతే ఇయ్యి సూడండి. తేలిగ్గా ఉంటాయి, రోజూ ఏసుకోవచ్చు.”

అమ్మ ఆ పళ్లాన్ని రెండు చేతులతో వెనక్కి జరిపింది. “పెళ్లికూతుర్ని నానే. ఆ పెట్టి ముయ్యకండి.”

కొట్టాయన అమ్మ మొహం చూశాడు, పెద్దమ్మ మొహం చూశాడు, పెట్టె తెరిచి ముందుకు తోశాడు. అమ్మ పేపరు విప్పి చీరను పరుపు మీద పరిచింది. అద్దం పట్టుకోమని నాకిచ్చింది. కెంపుల హారం చీర మీద ఆనిస్తే, రాళ్లు ఆ ఎరుపులో కలిసిపోయి కనబడకుండా పోయాయి. తెల్లరాళ్ల నెక్లెస్ జరీ పక్కన వెలవెలబోయింది. పచ్చలది పెట్టి చూసి, అంచుకు మరీ అతికినట్టుందని, బడిపిల్ల రిబ్బన్‌లా ఉందని తనే నవ్వింది. చివరికి మెడకు అంటుకుని ఉండే కెంపుల అడ్డిగను చీర మీద కాక ఆకుపచ్చ రవిక మీద పెట్టింది. పచ్చ మీద ఎరుపు భగ్గుమంది. “ఇదీ” అంది. దాని కింద చీర మీదికి దిగేలా రాళ్లు లేని బంగారు గొలుసు, రవిక చేతికి వంకీ, నడుముకు వెండి మీద బంగారుపూత వేసిన వడ్డాణం ఏరుకుంది. తన జీతంలో దాచుకున్న సొమ్ము. ఎవరి సలహా అడగలేదు. బుట్టకమ్మల దగ్గర మాత్రం నా వైపు తిరిగి, “నువ్వు సెప్పు, ఏయి బాగున్నాయి?” అంది. నేను ఇంట్లో మూటలో ఉన్నవాటిలాంటివే చూపించాను. అమ్మ కాసేపు వాటిని అరచేతిలో పట్టుకుని, “ఇలాంటియి నీకున్నాయి కదమ్మా. ఇప్పుడు నాకు కొత్తయి సూడు” అంది. ఆ మాట నాకు నచ్చలేదు. అయినా మళ్లీ చూశాను. కింద చిన్న పచ్చపూస వేలాడుతున్నవి చూపించాను. అమ్మ పెట్టుకుని తల అటూ ఇటూ ఊపింది. పూసలు బుగ్గలకు తగిలాయి. అమ్మ అంత అందంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

పెళ్లి సింహాచలం కొండ మీద, ఎండ బాగా ఎక్కిన వేళ. సంపెంగలు తురుముకున్న జడ, మిరపపండు రంగు చీర, పచ్చ రవిక మీద కెంపులు, నడుము మీద వడ్డాణం తళతళ. ముందు మేళం, వెనక మేము. దర్శనానికి వచ్చిన జనం ఆగి చూశారు. మా వీధివాళ్లు కొందరు పని పెట్టుకుని మరీ వచ్చారు, చూసి చెప్పుకోవడానికి. పెళ్లికూతురు తల వంచుకుని నడవాలంటారు. అమ్మ వంచలేదు. నా చెయ్యి పట్టుకుని, ఎదురుగా ఉన్నవాళ్ల కళ్లలోకి చూస్తూ నడిచింది. చూసినవాళ్లే కళ్లు దించుకున్నారు.

పెద్దమ్మ రానంటూనే వచ్చి, అందరికంటే వెనక స్తంభం పక్కన నిలబడింది. పీటల మీద కూర్చునే ముందు అడ్డిగ తాడు వదులై జారింది. అమ్మ చేతులు వెనక్కి అందడం లేదు. పెద్దమ్మ స్తంభం దగ్గర్నుంచి విసవిసా వచ్చి, “కదలకే, ఆగు” అని గసిరి, తాడు బిగించి ముడి వేసి, కుచ్చు సరిగ్గా వీపు మధ్యకు లాగి మరీ వదిలింది. పక్కనున్న ఒక ముసలావిడ, “పెళ్లికూతురు మీకేటవుతాదమ్మా?” అని అడిగితే, పెద్దమ్మ కాస్త తడబడి, తర్వాత గట్టిగానే, “మా సెల్లి” అంది. మళ్లీ స్తంభం పక్కకు వెళ్లలేదు.

పెద్దమ్మ అన్నవాటిలో కొన్ని జరిగాయి. మా వీధిలో చాలా ఇళ్లవాళ్లు అమ్మను పేరంటాలకు పిలవడం మానేశారు. నాకు బడిలో మాటలు పడ్డాయి. ఒకరోజు ఏడుస్తూ వచ్చి చెబితే, అమ్మ నా మొహం కడిగి, “ఆలు పిలవకపోతే మనకాడ పసుపేటి అరిగిపోతాదా?” అని, ఆ సాయంత్రమే సంపెంగలు పెట్టుకుని, నన్నూ సత్యం నాన్ననూ వెంటబెట్టుకుని వీధి ఈ చివరి నుంచి ఆ చివరిదాకా షికారు తిప్పింది. ఆయన నా చెయ్యి పట్టుకుని నవ్వుకుంటూ నడిచాడు. ఆ పెళ్లి తర్వాత అమ్మ ఏ పందిట్లోనూ వంటల దగ్గర నిలబడలేదు.

ఇప్పుడు ఆ పెంకుటిల్లు లేదు, దాని చోట పార్కింగు ఉన్న అపార్ట్‌మెంటు లేచింది. అడ్డపొగ పీల్చే ఆడవాళ్లు మా వైపు దాదాపు కనబడరు. తెల్ల పరుపుల మీద కూర్చోబెట్టే కొట్ల స్థానంలో గాజుతలుపుల షోరూములు వచ్చాయి. అమ్మమ్మ పోయింది, పెద్దమ్మ పోయింది. సత్యం నాన్న కూడా పోయాడు. ఆ రోజు గాజులు తీయించడానికి వచ్చిన ఆడవాళ్లను అమ్మ గుమ్మంలోనే ఆపి, “ఒకసారి తీసినాను, సాలు. ఇంక తియ్యను” అని లోపలికి రానివ్వలేదు. మారుమనువు అన్న మాట ఈ కాలం పిల్లలకు తెలియనే తెలియదు. అది కూడా పోయిందని నేను సంతోషించేలోపే వేరే మాటతో తిరిగి వచ్చింది.

మొన్న పెద్దమ్మ కూతురు, నాకు అక్క, మా ఇంటికి వచ్చింది. వాళ్లమ్మాయి లావణ్య ఫార్మా కంపెనీలో పనిచేస్తోంది. మొదటి మొగుడితో విడాకులైపోయి, తనతో పనిచేసే అబ్బాయిని చేసుకుంటోంది. “సింపుల్‌గా రిజిస్టరాఫీసులో కానిచ్చేత్తాం పిన్నీ. రెండోది కదా, జనం ఏటనుకుంతారు?” అంది అక్క, నా దగ్గరే ఉంటున్న మా అమ్మతో. లావణ్య ఫోన్ చూసుకుంటున్నట్టు తల వంచుకుని కూర్చుంది.

మోకాళ్ల నొప్పులతో ఇల్లు కదలని మా అమ్మ, కుర్చీ చేతులు పట్టుకుని లేచి, ఆ పిల్ల ముందుకు వెళ్లి నిలబడింది.

“నీకు ఏ రంగు సీర కట్టుకోవాలనుందే?”

లావణ్య తల ఎత్తి వాళ్లమ్మ వైపు చూసింది, తర్వాత మా అమ్మ వైపు చూసింది. “నీలం, అమ్మమ్మా” అంది, వినీ వినబడనట్టు.

“నీలం మీద ముత్యాలెడితే జనం సూపు తిప్పుకోనేరు” అంది అమ్మ. “లెగు, సెప్పులేసుకో.”