కామమ్మ నడుముకు కట్టిన తాడు

పులికాటు సరస్సులో కామమ్మ మోకాటిలోతు నీళ్లలో కూర్చుని, చేతులతో తడిమి రొయ్యలు పట్టేది. నడుముకు కట్టిన తాడు వెంట చిన్న తెప్ప తేలుతూ వచ్చేది. దానిమీద కూతురు మంగ మబ్బులు చూస్తూ నిద్రపోయేది.

మొగుడు పోయాక కామమ్మ మారుమనువు చేసుకుంది. చనిపోయిన తమ్ముడి బిడ్డ ఇక తనకే చెందాలని బావ పోలేరయ్య నెల్లూరు కోర్టుకెక్కాడు. ప్లీడర్లిద్దరూ మాతృత్వపు మహిమ గురించి ఊదరగొట్టారు. ఆ మాటలతో ఏ బిడ్డ కడుపూ నిండదు.

పోలేరయ్య ఆ తెప్ప తాడు తెచ్చి జడ్జి ముందు బల్లమీద పడేశాడు. "బిడ్డను మేకపిల్లను కట్టేసినట్టు కట్టేస్తాది, దొరా!"

"నేను నీళ్లలో ఉంటే నువ్వొచ్చి ఎత్తుకుంటివా, బావా?" అంది కామమ్మ.

జడ్జి మంగను అడిగాడు: "నీకు భయం లేదా?"

"అమ్మ యాడికి పోతే తెప్ప ఆడికే వస్తాది గదా!"

మంగ తాడు అందుకుని, అలవాటుగా ఒక కొస కింద కూర్చున్న తల్లి నడుముకు చుట్టి, రెండోది గుప్పిట పట్టుకుని గచ్చుమీద ఒరిగింది. కిటికీ వెలుగు నేలమీద నీళ్లలా కదులుతోంది. పిల్ల కళ్లు మూతపడ్డాయి.

బిడ్డ తల్లి దగ్గరే ఉండాలని జడ్జి గొంతు తగ్గించి చెప్పాడు. తెప్ప కదులుతుందేమోనన్నట్టు కామమ్మ లేవకుండా కూర్చుండిపోయింది.