అత్తయ్య చేసిన రెండో జాగారం

కొల్లేటికోటలో మా మేనత్త పోయిందన్న కబురు చేపల బుట్టలతో పాటు ఏలూరు వచ్చింది. నేను బడిలో పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తున్నాను. బుట్టలు తెచ్చిన మనిషి గుమ్మం దగ్గర తలగుడ్డ తీసి నిలబడ్డాడు.

"పంతులుగారండీ, కోటలో పెద్దావిడ పోయారండి. నిద్దట్లోనే పోయారంటండి."

ఏమనుకున్నా సరే, ఉన్నమాట చెబుతాను. నాకు ముందు ఏడుపు రాలేదు. "మా అన్నయ్య నిద్రపోతున్నాడా?" అని అడిగాను. ఆ మనిషి నా వంక వింతగా చూశాడు. అత్తయ్య ఉంటే ఆవిడా అదే అడిగేది.

మా అన్నయ్య నాటకాల కంపెనీలో హార్మనీ వాయించేవాడు. టాకీలు వచ్చి జనాన్ని లాక్కుపోతున్న రోజులు. ఒకే టిక్కెట్టుకి రెండు నాటకాలు వేస్తే గాని పందిరి నిండేది కాదు. తెల్లవార్లూ వేళ్ళు ఆడాలంటే కళ్ళు మూతపడకూడదు కదా! అందుకని కంట్రాక్టరు కిళ్ళీలో సున్నంతో పాటు చిటికెడు తెల్లపొడి పెట్టించేవాడు. కొకైను. మొదట నాటకం ఉన్న రాత్రే వేసుకునేవాడు, తర్వాత లేని రాత్రీ వేసుకున్నాడు, ఆ తర్వాత పగలూ రాత్రీ తేడా లేదు. చర్మం కింద చీమలు పాకుతున్నాయని గోళ్ళతో గీరుకునేవాడు. తాడేపల్లిగూడెంలో నాటకం మధ్యలో లేచి, జనం తనని తిడుతున్నారని కేకలు పెట్టాక కంపెనీ వాళ్ళే తెచ్చి మా వాకిట్లో దింపిపోయారు.

ఏలూరులో డాక్టరుగారు చూశారు. "మానడం ఒక ఎత్తు, మానాక నిద్ర ఒక ఎత్తు అండీ. నిద్ర పట్టని మనిషి తిరిగి దాని దగ్గరికే పోతాడు. నిద్ర ఒక్కటే బాగుచేస్తుందని నేననను. అది లేకపోతే మాత్రం ఏదీ నిలవదు" అన్నారు.

ఆ మాట అత్తయ్య తలుపు పక్కన నిలబడి వింది. "అయితే వాణ్ణి నాకిచ్చెయ్యండి. మా ఊళ్ళో దీపం పెట్టాక నిద్దరోడం తప్ప ఇంకో పని లేదు" అంది. పిల్లలు లేని మనిషి, కొల్లేటి మీద వల వేసుకుని ఒంటరిగా బతుకుతున్న మనిషి. మా నాన్నకి అక్కగారు.

అన్నయ్య మొదట్లో చచ్చినవాడిలా నిద్రపోయాడు. దింపడానికి వెంట వెళ్ళిన నాన్న మాటిమాటికీ ముక్కు దగ్గర వేలు పెట్టి చూసేవాడు. అత్తయ్య తట్టి లేపి జావ తాగించి మళ్ళీ పడుకోబెట్టేది. ఆ తర్వాత మొదలైంది అసలు కష్టం. కన్ను మూతపడదు, కాలు నిలవదు, నోట్లో కిళ్ళీ కావాలి. రాత్రి ఎలా గడిచినా సరే, తెల్లారేసరికి అత్తయ్య దుప్పటి లాగేసేది. దోనె ఎక్కించి తనతో పాటు వల లాగించేది. మధ్యాహ్నం కునుకు తీస్తే మొహాన నీళ్ళు కొట్టేది. "పగలు మూసిన కన్ను రాత్రి తెరుచుకుంటుందిరా, లే!" పొద్దు గూకాక కాఫీ లేదు, కబుర్లు లేవు, హార్మనీ అటకెక్కింది. వాడు పడుకుంటే విసనకర్రతో పక్కన కూర్చునేది.

"నిద్దరతో ఏమవుతుంది అత్తయ్యా?" అని విసుక్కున్నాడు ఓసారి.

"తడి వలని ఆరెయ్యకుండా మళ్ళీ మళ్ళీ నీళ్ళలో వేస్తే ఏమవుతుందిరా? పోగుపోగునా చీకిపోద్ది. నిన్ను ఆరేస్తన్నాను, పడుకో."

వాడు కాస్త తేరుకున్నాడు. నాలిక్కి రుచి తెలిసి అన్నం సయించింది. అప్పుడొచ్చాడు మా నాన్న, మొక్కు మొక్కానంటూ. కొడుకు బాగుపడితే శివరాత్రికి జాగారం చేయిస్తానని మొక్కుకున్నాడట! నిద్ర కోసం అల్లాడిన మనిషి చేత రాత్రంతా మేలుకునే మొక్కు. మా వాళ్ళకే తట్టాలి ఇలాంటివి. "దేవుడి సొమ్ము ఎగ్గొడితే ఎలాగే అక్కా?" అని తీసుకుపోయాడు. గుడి దగ్గర నిద్ర రాకుండా నాటకం పెట్టారు. తెల్లారేసరికి అన్నయ్య బుగ్గన కిళ్ళీ ఉంది.

అత్తయ్య దోనె వేసుకుని వచ్చి అన్నయ్యని చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. మళ్ళీ మొదటి నుంచీ అదే తంతు. మరుసటి శివరాత్రికి నాన్న మళ్ళీ నసిగితే, "వాడి జాగారం నేను చేస్తాలే. దేవుడికి మేలుకున్న మనిషి కావాలి గాని, ఎవరైతేనేం?" అంది. శివరాత్రి నాడు తన జాగారం, మర్నాడు వాడిది. అప్పటినుంచి ఏటా రెండు రాత్రులు అలాగే కూర్చుంది, వాడు పక్కనే గుర్రు పెడుతుంటే.

నేను వెళ్ళేసరికి ఊరంతా అక్కడే ఉంది. అన్నయ్య నన్ను చూసి, "ఇంక నన్నెవరు లేపుతార్రా?" అన్నాడు. నాకు భయం వేసింది. కర్మలు జరుగుతున్నన్ని రోజులూ వాడికి నిద్ర లేదు. పరామర్శకని వచ్చిన పాత కంపెనీ మనిషొకడు గట్టు మీద వాడితో ఏదో గుసగుసలాడి వెళ్ళాడు. "కిళ్ళీ ఇవ్వబోయాడు. తీసుకోలేదురా" అన్నాడు అన్నయ్య. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నమ్మాలని ఉంది, నమ్మలేకపోయాను.

పెద్దకర్మం నాడు పొద్దున్నే లేచి చూస్తే చాప ఖాళీ. రేవుకి పరిగెత్తాను. దోనె ఉంది. అందులో అత్తయ్య ఆఖరిసారి వేసి వదిలేసిన వల తడిగానే ముద్దై పడి ఉండేది, ఎవరికీ దాని ఊసు పట్టలేదు. అది లేదు. చూద్దును కదా, గట్టు మీద కర్రలు పాతి ఆరేసి ఉంది. అక్కడక్కడ చీకింది. దాని నీడలో, నీళ్ళు కారుతున్న చేతులతోనే, అన్నయ్య నిద్రపోతున్నాడు.

ఇంతలో పక్క ఊళ్ళ నుంచి బంధువుల ఆడవాళ్ళు దోనెలు దిగారు. రేవులో అడుగు పెడుతూనే గుండెలు బాదుకుని శోకాలు పెట్టడం మా వైపు ఆనవాయితీ. ముందున్నావిడ నోరు తెరవబోతుంటే ఎదురెళ్ళి రెండు చేతులూ అడ్డం పెట్టాను.

"ఏడవకండి పిన్నీ, దణ్ణం పెడతాను. ఇప్పుడే పడుకున్నాడు."

వాళ్ళు వల కిందకి చూశారు. ఒక్కొక్కరే కొంగులు నోట్లో కుక్కుకుని, గట్టు మీద చప్పుడు లేకుండా కూర్చుని ఏడ్చారు.