ఆకుపచ్చ వేళ్లు

అనకాపల్లిలో నేను పనిచేసే ల్యాబుకి కొండకర్ల వైపు నుంచి ఒక చెరకు రైతు వచ్చేవాడు. జ్వరం వదలని భార్య రిపోర్టు కోసం చెయ్యి చాస్తే వేళ్లన్నీ ఆకుపచ్చగా కనిపించేవి. రోజూ పొద్దున్నే బొప్పాయి ఆకులు నలిపి ఆమెకు రసం తాగించేవాడు. వాళ్ల ఊళ్లో డెంగీ వస్తే కౌంటు పెరగడానికి అందరూ చేసేది అదే.

కాగితం చూసేవాడు కాదు, నా మొహమే చూసేవాడు. "పెరిగిందా బాబూ?"

పెరిగేది, ప్రతిసారీ. "సూసేవా, ఆకు పన్సేత్తంది!" అని మురిసిపోయేవాడు. రిపోర్టు ఇవ్వడమే తప్ప అర్థం చెప్పడం మా పని కాదు. డాక్టరుకి చూపించమనేవాణ్ని.

చివరికి ఒకరోజు ఉండబట్టలేక కూర్చోబెట్టి చెప్పాను. "డెంగీలో పడిపోయేవి ప్లేట్‌లెట్లు మామా. ఇవి తెల్లకణాలు. ఇంతలా పెరక్కూడదు. ఎందుకు పెరుగుతున్నాయో పెద్ద డాక్టరే తేల్చాలి. వైజాగ్ తీసుకెళ్లు."

"డాక్టరు గారు కూడా అదే సెప్పేరు. రేపెల్తాం" అన్నాడు. ఆ పచ్చటి వేళ్లని పంచెకేసి తుడుచుకుంటూనే ఉన్నాడు.

వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగాడు.

"మరి తగ్గడానికి ఏ ఆకు బాబూ?"