నలభై మూడు మునకలు

చున్‌హ్వా అక్క చేతులు మోచేతుల దాకా నీళ్లతొట్టిలో ఉన్నాయి. నానిన పాత రబ్బరు సూటు ముక్కను ఒక అంచున పట్టుకుని మెల్లగా ఒలుస్తోంది. తెర మీద ఒక ముసలామె సముద్రంలోంచి గట్టెక్కి, ఒంటికి అతుక్కున్న సూటు విప్పుకుంటోంది. ఆమె భుజం బయటపడే క్షణానికి అక్క చేతిలో రబ్బరు చప్పుమంది. అద్దానికి ఇవతల నేను రికార్డింగు ఆపాను.

"మళ్లీ చేద్దాం," అంది అక్క. "ఆమెకి ఎడం భుజం నొప్పి. ఆ పక్క ఆగి ఆగి లాగుతోంది చూడు. నేను తొందరపడ్డాను."

సియోల్‌లో చుంగ్‌మురో సందులో, ఈ నేలమాళిగలో ఇరవై రెండేళ్లుగా మా పని ఇదే. తెర మీద మనుషులు కదిలితే ఇక్కడ అక్క చప్పుడు చేస్తుంది, నేను దాన్ని రికార్డు చేస్తాను. రాజుల కథకి గడ్డి చెప్పులు, యుద్ధం సినిమాకి కంకర, ప్రేమకథకి గొడుగు మీద వాన. దయ్యం సినిమాలో మెడ విరగాలంటే క్యాబేజీ. మిగిలిన క్యాబేజీ కిమ్చీ పచ్చడి అవుతుంది. మా ఆవిడ మాత్రం దాన్ని ముట్టుకోదు. అక్కకి ఈ పని ఎవరూ నేర్పలేదు. స్టూడియోలో నేల తుడవడానికి చేరింది. తుడుస్తూ తుడుస్తూ ఏ నేల ఎలా పలుకుతుందో పట్టేసింది.

ఈసారిది డాక్యుమెంటరీ. జెజు దీవిలో, గాలిగొట్టం లేకుండా సముద్రంలో మునిగి గుల్లలు ఏరే బు ఇన్‌సూన్ అనే ఎనభై ఒక్క ఏళ్ల ఆమె గురించి. మూడేళ్లు తీశారు. పోయిన చలికాలంలో ఆమె పోయింది. సినిమా సాయంత్రం అయిదింటికి రైల్లో బుసాన్ చిత్రోత్సవానికి వెళ్లాలి. అక్కడ మొదటి ఆటకి ఆమె కూతురు దీవి నుంచి వస్తోంది.

మధ్యాహ్నం దర్శకుడు జిహో వచ్చాడు. వెనకే శబ్దం సరిచేసే తేసిక్, చంకలో కంప్యూటరుతో.

"అమ్మగారూ, ఇంకొక్కటే," అన్నాడు జిహో. "నీళ్లలోంచి పైకి రాగానే ఈ మునిగేవాళ్లు ఊపిరి వదిలే ఈల ఉంటుంది కదా, అది కావాలి. ఆమె మునకలు తీసిన రోజు గాలికి రికార్డింగు మొత్తం పాడైపోయింది. మీరు నోటితో వేసేయండి."

అక్క చేతులు తుడుచుకుంది. "వెయ్యను."

"అదేంటండీ! ఎన్ని దయ్యాలకి ఊపిరి పోశారు మీరు! ఒక్క అవ్వకి పోయలేరా?"

"ఆ దయ్యాలకి కూతుళ్లు లేరు నాయనా. హాల్లో కూర్చుని ఇది మా అమ్మది కాదని లేచిపోరు."

"ఎవరికి తెలుస్తుందండీ?"

"నాకు తెలుస్తుంది. మా అమ్మా మునిగేది. చిన్నప్పుడు ఒడ్డున మంట దగ్గర కూర్చుని, ముప్పై మంది ఈలల్లో మా అమ్మది ఏదో చెప్పేదాన్ని. అది వినపడితేనే అమ్మ బతికి పైకొచ్చినట్టు. పదిహేడేళ్లకి ఆ ఊరు వదిలేశాను కానీ చెవులు వదల్లేదు. అడుగులు చేస్తాను, రాళ్లు చేస్తాను. చచ్చిపోయినామె ఊపిరి చెయ్యను."

జిహో గొంతు మారింది. "దీనికి డబ్బు పెట్టిన కంపెనీ వాళ్లు ఊరుకోరు. వాళ్ల యుద్ధం సినిమా మీకే ఇద్దామనుకుంటున్నారు. ఆర్నెల్ల పని. ఇప్పుడిలా మొండికేస్తే..."

"మొండికే వేస్తున్నా. వాళ్లతో చెప్పు. ఆ కంకర ఎవడైనా తొక్కుతాడులే."

ఆ పనిలో నా ఆర్నెల్లు కూడా ఉన్నాయి. అక్క నా వైపు చూడను కూడా చూడలేదు. తేసిక్ వైపు తిరిగింది.

"ఏమయ్యా, గాలికి పాడైందని ఎవరు చెప్పారు?"

"నేనేనండీ, స్వయంగా శుభ్రం చేశాను," అన్నాడు తేసిక్ కాస్త గర్వంగానే. "గాలి మోత తీసేస్తే, మధ్య మధ్య మైకు సన్నగా కూతపెడుతోంది. చెవులు చిల్లులు పడుతున్నాయి. ఒక్కొక్కటీ వెతికి కోసేశాను. నలభై మూడు చోట్ల."

"నలభై మూడా?"

"లెక్క రాసుకున్నానండీ."

అక్క కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. "జిహో, ఆరోజు తీసింది కోత లేకుండా మొత్తం వెయ్యి. చప్పుడు వద్దు, బొమ్మ చాలు."

వేశాడు. ముసలామె మునుగుతోంది, లేస్తోంది. అక్క వేళ్లు మడుస్తోంది. ఇరవై దాటాక జిహో కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. గంటన్నర అలాగే నడిచింది. చివరిసారి ఆమె పైకొచ్చి, వల కట్టి నీళ్ల మీద తేలేసిన సొరబుర్ర మీద చేతులు వేసి ఒడ్డుకి తిరిగింది.

"నలభై మూడు," అన్నాడు జిహో. తేసిక్ తన లెక్క తీసి మళ్లీ చూసుకున్నాడు.

"మైకు కాదయ్యా కూతపెట్టింది," అంది అక్క. "మనిషి. సియోల్‌లో పుట్టిన చెవులకి అది యంత్రం మొర అనిపించింది. అసలు రికార్డింగు ఉందా, అదీ కడిగేశావా?"

ఉంది. జిహో సంచిలోని డిస్కులో. నేను అందుకుని పెట్టాను. గాలి హోరు. ఆ హోరు అడుగున, సన్నగా, మధ్యలో విరిగి, మళ్లీ అతుక్కుని... పళ్లు లేని నోట్లోంచి వచ్చే ఈల.

జిహో తల వంచుకున్నాడు. "మూడేళ్లు ఆమె పక్కనే ఉన్నాను. నాకెలా తెలియలేదు?"

"కెమెరా కంట్లోంచి చూస్తున్నావు కదా. ఏడుపు తర్వాత. టైమెంత?"

రెండుంపావు. గాలిని మొత్తం తీసెయ్యొద్దని అక్క పట్టుబట్టింది. గాలి పోతే ఈల కూడా పోతుంది. నేనూ తేసిక్ ఒక్కొక్క మునకా తిరిగి అతికించాం. ఈసారి వాడు మీట ముట్టుకునే ముందు ప్రతిసారీ, "ఇది ఆవిడేనా అమ్మగారూ?" అని అడిగాడు. అక్క తన పని చేసుకుంది: తడి రాళ్ల మీద రబ్బరు అడుగులు, బుర్ర చుట్టూ వల ఒరుసుకోవడం, ఆగి ఆగి ఒలిచే ఎడం భుజం. ఈల వచ్చే చోట మాత్రం ప్రతిసారీ చేతులు నీళ్లలోంచి తీసి, ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది.

నాలుగున్నరకి పూర్తయిన సినిమా డిస్కు పెట్టిన డబ్బా సిద్ధమైంది. జిహో వంగి దండం పెట్టాడు. "యుద్ధం సినిమా గురించి నేను కంపెనీలో మాట్లాడతానండీ."

"మాట్లాడకు. వాళ్లకి ఇది వినిపించు, చాలు."

పెన్ను తీసుకుని డబ్బా మీద చీటీ తనే రాసింది. రాళ్లు, రబ్బరు, అడుగులు: హ్యన్ చున్‌హ్వా. కింద ఇంకో వరుస. ఊపిరి: బు ఇన్‌సూన్. చీటీ తడవకుండా దాని మీద టేపు అంటించి, అంచులు బొటనవేలితో గట్టిగా ఒత్తి, డబ్బా జిహో చేతిలో పెట్టింది.