మా గోడ మీద ఎర్ర గీత

నా చేతిరాత ఎటూ బాగోదు. ఫోన్లో కొట్టినా తప్పులు పడుతున్నాయి, ఏమీ అనుకోకండి.

తుఫాను వస్తుందంటున్నారని పొద్దున బియ్యం మూట, ఇంటి కాగితాలు అటక మీద పెట్టి బయటికొచ్చాను. పక్కింటి రాంబాబు మా గోడ మీద ఎర్ర పెయింటుతో గీత గీస్తున్నాడు. హద్దు గొడవతో రెండేళ్లుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు గోడ కూడా తనదేనంటాడేమో అనుకున్నాను.

"ఏంటయ్యా ఆ గీత?"

"నీళ్లు ఇక్కడిదాకా వస్తే మీరూ పిన్నిగారూ మా మేడ మీదకి వచ్చేయండి బాబాయ్."

"పోయిన వరదకి నడుం దాకా వచ్చాయి. నువ్వు మోకాలి కిందే గీశావే?"

"పిన్నిగారి మోకాళ్ల నొప్పులకి మా మెట్లెక్కడానికి ఎంతసేపు పట్టుద్ది? నడుం దాకా వచ్చాక బయల్దేరతారా ఏంటి?"

మా ఆవిడ అప్పుడే మాత్రలు సంచిలో సర్దుకుంటోంది. నాకు మాత్రం ఇంకా అనుమానమే. సుద్దముక్కతో గీయొచ్చుగా, వానకి చెరగని పెయింటు ఎందుకంట?

వెళ్లమంటారా? మబ్బు కమ్మేసింది, కాస్త త్వరగా చెప్పండి.