వాకిట్లో కాపలాకు ఎల్లారెడ్డి ప్రయాణం

పొద్దున ఎనిమిదింటికి కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సెక్కాను. చేతిలో పేపరు. ఇంటి నుంచి పని అనేది కరోనా తెచ్చిన కొత్త పద్ధతి అని అందులో ఎవరో పెద్దమనిషి రాశాడు. ఒళ్లు మండింది. మా వైపు ఆడవాళ్లు తరాలుగా ఇంట్లో కూర్చునే కంపెనీ పని చేస్తున్నారు. కార్ఖానా నుంచి తునికాకు, తంబాకు తెచ్చుకుని, ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుట్టి, దారం కట్టి, మళ్లీ కార్ఖానాలో అప్పజెప్పి వస్తారు. నేను ఆ కార్ఖానాలోనే గుమాస్తాగా ముసలివాణ్నయ్యాను. బడిలో చదివింది రెండో తరగతే. మిగతా చదువంతా తంబాకు చుట్టొచ్చిన పాత పేపర్లు చెప్పిందే. అందుకే పేపరు తప్పు రాస్తే ఊరుకోలేను.

నా ప్రయాణం కూడా అలాంటి పని గురించే. మా చెల్లెలు నర్సవ్వ కూతురు సరిత ఎల్లారెడ్డిలో తల్లితోనే ఉంటుంది. భర్త దుబాయిలో పని చేస్తాడు, బిడ్డ ఎల్లారెడ్డి బడిలోనే చదువుతోంది. సరిత హైదరాబాద్‌లోని ఒక బీమా కంపెనీకి ఇంట్లోనే కంప్యూటరు ముందు కూర్చుని ఆస్పత్రి బిల్లులు సరిచూస్తుంది. వచ్చే నెల నుంచి అందరూ ఆఫీసుకే రావాలని కంపెనీ హుకుం జారీ చేసింది. రాలేనివాళ్లు వీడియోలో పెద్ద మేడంకు కారణం చెప్పుకోవాలి. సరిత వంతు ఇవాళ పదకొండింటికి.

"మామా, గా గంటసేపు మా వాకిట్ల కూసో. ఎవ్వలనూ లోపలికి రానియ్యకు. పోయిన మీటింగుల పక్కింటోళ్లు రేషన్ కార్డు జూడుమని అచ్చిండ్రు, మేడం మొకం మాడ్చింది. మల్ల గట్లయితే నా నౌకరి పోతది" అని నిన్న ఫోన్ చేసింది.

బస్సు నిండా ఆడవాళ్లు. వాళ్లకు జీరో టికెట్టు. డబ్బిచ్చిన నేను తాడ్వాయి దాకా నిలబడ్డాను. అక్కడ సీటు దొరికింది. పక్కనామె ఒడిలో బీడీల గంప.

"యాడికి, బాపూ?" అంది. చెప్పాను.

"కంప్యూటర్ల చేసినయి గూడ ఖరాబున్నయని తీసిపారేస్తరా?"

"తీసేస్తరట."

"అయితే గవి గూడ బీడీలే!" అని నవ్వింది. "మరి దారం కంపెనోళ్లు ఇస్తరా, ఆమెనే కొనుక్కుంటదా?"

సరితను అడగాలనుకున్నాను. ఆమె లింగంపేటలో దిగిపోయింది.

ఎల్లారెడ్డి చేరేసరికి తొమ్మిదిన్నర కావస్తోంది. బస్టాండు ఎదుట హోటల్లో పూరీ తిని, నడుచుకుంటూ ఇల్లు చేరాను. నర్సవ్వ ఒడిలో చాటతోనే "అచ్చినవా, అన్నా" అంది. సరితను దారం సంగతి అడిగాను. ఇంటర్‌నెట్టు, కరెంటు, కుర్చీ అన్నీ తనవేనట. బీడీలకైనా కత్తెర, దారం, దీపం ఆడవాళ్లవే, లాభం సేటుది. ఏం మారినట్టు?

పదకొండింటికి వాకిట్లో కుర్చీ వేసుకున్నాను. చీరలవాణ్ని పంపించేశాను. ఫోన్లో ఏదో చూపించుకోవడానికి వచ్చిన ఒకాయన్ను కసిరాను. అంతలో పక్క వాడకట్టు రాజవ్వ కుంకుమ భరిణెతో వచ్చింది.

"సరిత మీటింగుల ఉన్నది. గంట ఆగు, చెల్లె."

"బొట్టు పెట్టెటందుకు గంట ఆగాల్నా? ఇంక వాడకట్టంత తిరగాలె. ఐతారం మనుమనికి పుట్టెంటికలు తీస్తున్నం. నువ్వు గూడ రా, అన్నా."

కుంకుమతో గడప దగ్గరికి వచ్చిన మనిషిని వెనక్కి పొమ్మనడానికి మా ఇళ్లలో ఎవరికీ నోరు రాదు. అడ్డం పెట్టిన చేయి దించుకుని, ఆమె వెనకాలే లోపలికి పరుగెత్తాను.

సరిత లేవలేదు. చూపు తెర మీదే ఉంచి, చేతులు కీబోర్డు మీదే ఉంచి, నుదురు మాత్రం ఎత్తింది. రాజవ్వ వంగి బొట్టు పెట్టింది. అప్పుడు తెరలో మేడం కనిపించింది.

"అయ్యో, గీ అమ్మను ఇడిసిపెట్టి పోతే బాగుంటదా?" అంటూ రాజవ్వ తెర మీద మేడం నుదుటిన కూడా ఒక బొట్టు దిద్దింది. "ఐతారం మీరు గూడ రావాలె, అమ్మా" అని చెప్పి వెళ్లిపోయింది.

సరిత ముఖం పాలిపోయింది. నౌకరి పోయిందనే అనుకున్నాను.

"ఇలా రోజూ జరుగుతుందా, సరితా?" అంది మేడం.

"అయితది, మేడం. పిలుపులు ఎప్పుడొస్తయో చెప్పలేను. కాని నేను లేవలే, చూసిండ్రు గద. మా అమ్మ గూడ ఒళ్లె చాట దించకుంటనే బొట్టు పెట్టించుకుంటది. పెట్టెటోళ్లే వంగుతరు. ఆమె బీడీల లెక్క ఎన్నడు తక్కువ పడలే. నా బిల్లులు గూడ తక్కువ పడయి."

"అమ్మగారిని చూడొచ్చా?"

సరిత కంప్యూటరు తిప్పింది. నర్సవ్వ ఆకు చుడుతూనే "దండం, తల్లీ. చెయ్యి ఖాళీ లేదు, ఏమనుకోకు" అంది.

మేడం పకపకా నవ్వింది. ఎవరింట్లో వాళ్లు కూర్చుంటే కొత్తవాళ్లకు పని నేర్పే దిక్కు లేకుండా పోయిందని, అందుకే పిలుస్తున్నామని చెప్పింది. అది నిజమే. బీడీలు అప్పజెప్పే చోటనే కదా మా ఆడవాళ్లు ఒకరి పనితనం ఒకరు చూసి నేర్చుకున్నది! చివరికి సరిత ఆర్నెల్లు ఇంటి నుంచే పని చేయవచ్చని, నెలకొక సోమవారం వచ్చి కొత్తవాళ్లకు నేర్పాలని, సాయంత్రం ఆరు దాటాక ఎవరూ ఫోన్ చేయకూడదని తేల్చింది.

నేను ఆగలేకపోయాను. "మరి కరెంటు, ఇంటర్‌నెట్టు ఎవలియి?" అని తలుపు దగ్గర్నుంచే అరిచాను.

"ఎవరాయన?"

"కాపలా, మేడం" అంది సరిత, నన్ను కొరకొరా చూస్తూ.

"పైవాళ్లను అడుగుతాను" అంది మేడం. ఈ మాట సేట్ల నోట చాలాసార్లు విన్నాను కాబట్టి నమ్మలేదు.

అన్నం తిని బయల్దేరుతూ తెర మీది బొట్టు తుడవబోతే సరిత నా చేయి పట్టుకుంది. "ఉండనీ, మామా."

నాలుగింటి బస్సులో కిటికీ పక్కనే సీటు దొరికింది. దారిపొడుగునా కోతకొచ్చిన పొలాలు. కాపలాకు నేను పనికిరానని తేలింది, అయినా మనసు హాయిగా ఉంది. నేను పనిచేసిన అన్నేళ్లలో కార్ఖానా దాటి ఒక్క బీడీ మనిషి ఇంట్లోకి తొంగిచూసిన సేటును ఎరుగను. ఈమె చూసింది, బొట్టు పెట్టించుకుంది. దారం సంగతి మాత్రం అలాగే ఉంది.

ఆదివారం మళ్లీ ఈ బస్సే ఎక్కాలి, రాజవ్వ నన్నూ పిలిచింది కదా. మేడం వస్తానని గాని, రానని గాని అనలేదు.