నాచు రసం బాబాయి

వాడిన మొక్క కంటబడితే మా బాబాయి అది ఎవరిదని అడగడు. సంచిలోంచి సీసా తీస్తాడు, నీళ్లలో కలుపుతాడు, చిమ్మేస్తాడు. సీసాలో ఉండేది సముద్రపు నాచు రసం. దానికి మొక్కలు తేరుకుంటాయి, ఆ వాసనకి మనుషులు వాడిపోతారు.

ఒకసారి పిన్నికి జ్వరమొస్తే ముగ్గురం డాక్టరు దగ్గరికి వెళ్లాం. గది మూల కుండీలో ఒక మొక్క ఉంది. మేం ఆపేలోపే బాబాయి దానికి తలంటినంత పని చేశాడు. కాంపౌండరు పరుగెత్తుకొచ్చాడు.

“ఏం చేస్తున్నారండీ!”

“మూడేళ్లుగా చూస్తున్నానయ్యా, ఒక్క కొత్త ఆకు వేయలేదు. ఎంత బాధలో ఉందో పాపం!”

“అది ప్లాస్టిక్ మొక్కండీ!”

“మరి ముందే చెప్పొద్దూ?” అన్నాడు బాబాయి, తప్పంతా కాంపౌండరుదే అయినట్టు.

పిన్ని రెండు చేతులతో ముఖం కప్పుకుంది. అయితే వాసన భరించలేక రోగులంతా లేచి బయటికి నడవడంతో మా వంతు వెంటనే వచ్చేసింది.

“ఇది ఎరువు కాదు, పురుగుమందు కాదు. ఎండదెబ్బ తగలకముందే మొక్కకి తట్టుకునే సత్తువ ఇస్తుంది. అలాగని నీళ్లు మానకూడదు” అంటూ దొరికినవాళ్లకల్లా పాఠం చెప్పేవాడు. నీళ్ల మీటరు చూసే అతనికి రెండుసార్లు చెప్పాడు. మూడోనెల నుంచి అతను గోడ అవతల నిలబడే మీటరు చదవడం నేర్చుకున్నాడు.

ఆ ఏడు ఎండలు నిప్పులు చెరిగాయి. టమాటా తోటల్లో పూత రాలిపోతోంది. దుకాణాల్లో నాచు రసం దొరకడం లేదు. మా దగ్గర ఒక్క డబ్బా ఉంది, సరిగ్గా మా తోటకి సరిపడా. బాబాయి పొద్దున్నే స్ప్రేయర్ వీపుకి తగిలించుకుని వెళ్తున్నాడు గదా అని మేం నిశ్చింతగా ఉన్నాం.

ఒకరోజు పిన్ని తోటకి వెళ్లి కొయ్యబారిపోయింది. సగం తోటలో పూతంతా నేలమీదే ఉంది!

“ఈయన రోజూ ఎక్కడికెళ్తున్నట్టు?” అంది నాతో.

మర్నాడు తెల్లవారుతుండగా ఇద్దరం ఆయన వెనకాలే నడిచాం. బాబాయి మా తోట దాటేశాడు. గట్టెక్కాడు. నేరుగా రిటైరైన లెక్కల మాస్టారి తోటలోకి దిగాడు.

గట్టు తగాదాలో బాబాయిని నలుగురిలో దొంగ అన్న మనిషి ఆయన! ఐదేళ్లుగా ఇద్దరికీ మాటల్లేవు. ఒంటరివాడు. నెల క్రితం తుంటి విరిగి, ఆ తోటలోని ఇంట్లోనే మంచాన పడ్డాడు.

“ఏమండీ! ఈయన తోటకా మన మందు?”

బాబాయి దొరికిపోయిన బడిపిల్లాడిలా నిలబడ్డాడు. “ఆయన లేవలేడు కదే. నీళ్లు పెట్టే కూలీ ఉన్నాడు గానీ, మందు చూసుకునేవాళ్లెవరు?”

“మన తోట సగం పోయింది!”

“సగం మిగిలింది కదే.”

ఇంతలో ఇంటి కిటికీ రెక్క టప్పున తెరుచుకుంది. ఐదేళ్ల మౌనం బద్దలుకొడుతూ మాస్టారి గొంతు ఖంగుమంది.

“ఆ చివరి సాలు వదిలేశావు! రోజూ చూస్తున్నాను, రోజూ అదే వదిలేస్తున్నావు!”

ఊరందరినీ హడలగొట్టే బాబాయి ఆ రోజు తనే నిలువునా బిగుసుకుపోయాడు. స్ప్రేయర్ పట్టీ సర్దుకుని, “వస్తున్నానండీ మాస్టారూ, అటే వస్తున్నా” అన్నాడు.

పిన్ని ఆయన వీపు మీది స్ప్రేయర్‌ని ఊపి చూసి, గట్టు మీదున్న బకెట్ నా చేతికిచ్చింది.

“నీళ్లు పట్టుకురా. సాలు పొడుగ్గా ఉంది.”